వండూర్ దారిలో ఇద్దరికీ ఒకటే కెమెరా

ముందు పోయినవి చెబుతాను. ఒక కెమెరా, దానికి బిగించి ఉన్న లెన్సుతో సహా, ఉప్పునీళ్ళలో. ఒక లెన్సు మూత, సముద్రంలో. నా దగ్గరి చూపు కళ్ళజోడు, ఎక్కడ పోయిందో ఇప్పటికీ తెలీదు. ఒక జీపు ఎడమ హెడ్‌లైటు. నా చెప్పుల్లో ఒకటి. వీటితో పాటు, సామాను సరిగ్గా ఎంచుకుంటే ఫోటో దానంతట అదే బాగా వస్తుందన్న నా నమ్మకం. పోయిన కెమెరా నాది కాదు, నా స్నేహితుడు భాస్కర్‌ది. నాది కాదు కదా అని లోపల ఒక్క క్షణం సంతోషించాను కూడా. ఆ సంతోషం ఎంతోసేపు నిలవలేదు.

నాకు యాభై రెండేళ్ళు. గాజువాకలో ఒక కలప అడితిలో లెక్కలు చూస్తాను. అవి బడిలో నేర్చుకున్నవి కావు. దుంగ చుట్టుకొలతా పొడవూ చూసి ఎన్ని ఘనపుటడుగులు వస్తుందో నోటితో చెప్పడం నాకు నేనే పట్టుబట్టి నేర్చుకున్నాను. ఆదివారాలు నా పాత జీపు తీసుకుని, నాలాంటివాళ్ళ గుంపుతో, తారు కనపడని దారులు వెతుక్కుంటూ పోతాను. ఈ వేసవిలో మా గుంపు లడఖ్ వెళ్ళాలని తీర్మానించుకుంది. నా బండి ఆ ఎత్తులు ఎక్కలేదు. మా గుంపు పెద్ద నాయుడుగారి బండిలో మాత్రం ఒక సీటు ఖాళీ ఉంది. అది ఫోటోలు తీసేవాడికి. దాన్ని అడిగినవాళ్ళం ఇద్దరం, నేనూ భాస్కరూ. భాస్కర్‌కి అసలు బండే లేదు, ఎప్పుడూ ఎవరో ఒకరి పక్కన కూర్చుని వస్తాడు.

"చెరో ఐదు ఫోటోలు పట్రండి. బాగా తీసినవాడు నాతో వస్తాడు" అన్నారు నాయుడుగారు.

నా మోకాళ్ళ సంగతి నాకు తెలుసు. ఈసారి తప్పితే లడఖ్ నాకు మళ్ళీ లేదు.

భాస్కర్‌కి పిన్ని కొడుకు కామేశ్ పోర్ట్ బ్లెయిర్ శివార్లలో, ఆస్టినాబాద్‌లో ఉంటాడు. అతనికి జీపుంది. ఇద్దరం అక్కడికే వెళ్ళాలని అనుకున్నాం. ఒకే బండి, ఒకే దారి, ఒకే వెలుగు కాబట్టి పోటీలో ఎవరికీ అన్యాయం జరగదని నేనే లెక్కేశాను.

ఏడు నెలలు, పది నిమిషాలు

కెమెరా కొనడానికి నాకు ఏడు నెలలు పట్టింది. మాలాంటివాళ్ళు కెమెరా ఎంచుకోవడం పెళ్ళిళ్ళ ఫోటోగ్రాఫర్ ఎంచుకున్నట్టు కాదు. మాకు దుమ్ము ముఖ్యం. సందుల్లోంచి దుమ్మూ తుంపరా లోపలికి దూరని కెమెరా కావాలి. బరువు ముఖ్యం. ఒక చెయ్యి జీపు కమ్మీ పట్టుకుని ఉంటే రెండో చేత్తో ఎత్తగలగాలి. లెన్సులు మార్చడం ఎంత తగ్గితే అంత మంచిది, మార్చిన ప్రతిసారీ లోపలికి మట్టి పోతుంది. ఇవన్నీ లెక్కేసుకుని చివరికి ఒక కెమెరా, రెండు లెన్సులు తీసుకున్నాను. ఒకటి వెడల్పు లెన్సు, జీపు లోపల కూర్చుని డ్రైవర్నీ దారినీ ఒకేసారి పట్టడానికి. రెండోది పొడుగు లెన్సు, బురద మీద పడకుండా దూరంగా నిలబడి తీయడానికి.

కొన్న మర్నాడు భాస్కర్ ఫోన్ చేశాడు. "ఒరే సత్యం, ఏం కెమెరా కొన్నావురా?" చెప్పాను. అదే షాపుకి వెళ్ళి అదే కెమెరా, ముప్ఫై అయిదు మిల్లీమీటర్ల లెన్సు ఒకటి తెచ్చుకున్నాడు. ఆ లెన్సుతో దగ్గరికీ దూరానికీ జరపడం కుదరదు, కావాలంటే మనమే నడవాలి. "పది నిమిషాల్లో అయిపోయిందిరా, నువ్వు చూసిపెట్టావు కదా" అన్నాడు. నా ఏడు నెలలు వాడికి ఊరికే దొరికాయి. అసూయ అప్పుడే మొదలైంది.

ఓడ మీద

విశాఖలో ఎక్కిన ఓడలో మా పక్క బెర్తు ఒక ముసలమ్మది. కంటికి ఆపరేషన్ చేయించుకుని తిరిగి ఇంటికి వెళ్తోంది. నల్లకళ్ళద్దాలు పెట్టుకుని డెక్ మీద కాళ్ళు చాపుకుని కూర్చుంటే ఫోటోకి బాగుందనిపించింది. దూరం నుంచి పొడుగు లెన్సు ఆమె వైపు తిప్పాను.

"ఏటి బాబూ, ఆ గొట్టం నా మీదకి తిప్పీసినావు? తుపాకీ అనుకున్నాను" అని గట్టిగా అరిచింది. డెక్ మీదున్న వాళ్ళంతా నావైపు చూశారు.

భాస్కర్ వెళ్ళి ఆమె పక్కన చతికిలబడ్డాడు. "తుపాకీ కాదమ్మా, దుర్భిణీ. నీ పక్కన కూచోడానికి సిగ్గేసి అక్కణ్ణుంచి చూస్తున్నాడు."

ఆమె పగలబడి నవ్వింది. భాస్కర్ అప్పుడు నొక్కాడు. తర్వాత సంచి విప్పి వాడికి దోసెడు చేగోడీలు పెట్టింది. "ఇంద, నువ్వూ తిను, దుర్భిణీ బాబూ" అని నాకు రెండు ఇచ్చింది. చేగోడీ అందుకోవడానికి వంగినప్పుడే నా చొక్కా జేబులోంచి లెన్సు మూత జారి, కమ్మీల సందులోంచి నీళ్ళలోకి పోయింది. రెండు చేగోడీలకి ఒక మూత.

ఆస్టినాబాద్

కామేశ్ ఇక్కడే పుట్టాడు. తాత ఎప్పుడో సోంపేట వైపు నుంచి వచ్చాడట. ఇంట్లో తెలుగే, కానీ ప్రతి మాటకీ మధ్యలో హిందీ దూరుతుంది. భార్య పద్మ కూడా అంతే. తెలుగు గలగలా మాట్లాడుతుంది, చదవమంటే మాత్రం నవ్వేస్తుంది.

ఆ ఇంటి భోజనం మర్చిపోలేను. చింతపండు పులుసులో వండిన చేప, దాని మీద కొబ్బరిపాలు. మా ఇంట్లో చేపల పులుసులో కొబ్బరిపాలు పోస్తే మా ఆవిడ గిన్నె విసిరేస్తుంది. చేప ఇక్కడ చవక, టమాటా ఖరీదు. కూరగాయలు చాలావరకు ఓడ మీద రావాలి. పులుసులో టమాటా కనిపించిందంటే అది అతిథి మర్యాదన్నమాట.

ఇంకొకటి, ఇక్కడ సాయంత్రం ఐదున్నరకే చీకటి పడిపోతుంది. మా ఊళ్ళో ఆ వేళకి పిల్లలింకా క్రికెట్ ఆడుతుంటారు. పొద్దున్నేమో మనం లేచేసరికే ఎండ ఎక్కేసి ఉంటుంది. ఫోటోలు తీయాలని వచ్చేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోవాలి. మన ఊరి గడియారాన్ని నమ్ముకుంటే మంచి వెలుగు రెండు పూటలా చేజారిపోతుంది.

భోజనాల దగ్గర పద్మ భాస్కర్‌ని "బావగారూ" అంటూ చేప తలకాయ వాడి కంచంలోనే వేసింది. చుట్టరికం వాడిది కాబట్టి అది న్యాయమే. అయినా నాకు తలకాయ ఇష్టం.

మిడిల్ పాయింట్

మర్నాడు మూత కోసం మిడిల్ పాయింట్‌లో నాలుగు షాపులు తిరిగాను. నాలుగో అతను నా లెన్సు అటూ ఇటూ తిప్పి చూసి హిందీలో లేదన్నాడు. నేను భాస్కర్‌తో తెలుగులో సణగడం విని వెంటనే తెలుగులోకి దిగాడు.

"మనది ఏ ఊరండీ? ముందే చెప్పొచ్చు కదా! మూత లేదు గానీ, రుకో, ఒకటి చూద్దాం" అని లోపలికెళ్ళి ముఖానికి రాసుకునే క్రీము డబ్బా మూత పట్టుకొచ్చాడు. నేను దారంతో కొలిచాను. సరిగ్గా పట్టింది. డబ్బు తీసుకోలేదు.

భాస్కర్ ఆ మూత వాసన చూసి, "ఇకనుంచి నీ ఫోటోల్లో అందరూ తెల్లగా వస్తార్రా" అన్నాడు. షాపతనూ నవ్వాడు. వాడి మాటకి ఎవరైనా నవ్వుతారు. అదే మాట నేనంటే, ఏమన్నారండీ అని మళ్ళీ అడుగుతారు.

వండూర్ దారి

వండూర్ దారిలో కామేశ్ స్నేహితుడికి వక్కతోట ఉంది. బీచి మీద బండి దింపకూడదు, అడవి శాఖ గేటు దాటకూడదు. అందుకని ఆ తోటకి పోయే మట్టిదారే మా మైదానం. ఎర్రటి బురద, మధ్యలో ఒక చిన్న ఉప్పుటేరు, దాని మీద అడ్డంగా పరిచిన దుంగలు. దుంగలు చూడగానే ఏ చెట్టువో, ఎంత బరువు ఆపుతాయో లెక్కేసి చెప్పాను. ఆపుతాయి. నా లెక్క తప్పలేదు.

దుంగల వంతెన మీద జీపు నడిపేవాడికి చక్రాలు కనపడవు. ముందు ఒక మనిషి నిలబడి చేతులతో దారి చూపాలి. మా గుంపులో గుర్తులు ఇవి. అరచెయ్యి తెరిచి చూపిస్తే రమ్మని, పిడికిలి బిగిస్తే ఆగమని. భాస్కర్ ఇవి కామేశ్‌కి పొద్దున్నే నేర్పాడు. దారి చూపే పని భాస్కర్‌ది. కెమెరా మెళ్ళో వేలాడుతోంది.

నేను పొడుగు లెన్సుతో దూరంగా, గట్టు మీద ఉండాల్సింది. ఆ లెన్సు కొన్నదే అందుకు. కానీ పొద్దుటి నుంచి భాస్కర్ తీసినవి వాడి కెమెరా వెనక తెర మీద చూస్తూనే ఉన్నాను. బురద చిందే బండికి చేయి చాచితే అందేంత దగ్గర్నుంచి తీసినవి. ఆగలేకపోయాను. వెడల్పు లెన్సు బిగించి, వంతెన ఇవతల, భాస్కర్ కంటే ముందుకు, జీపుకి ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చున్నాను. వెడల్పు లెన్సులో అన్నీ దూరంగా, చిన్నగా కనిపిస్తాయి. మనం ఎంత దగ్గరగా ఉన్నామో మనకే తెలీదు.

జీపు వెనక నుంచి ఎండ. సూర్యుడు లెన్సులో పడకుండా ఎడమ అరచెయ్యి తెరిచి పైన అడ్డం పెట్టాను.

కామేశ్‌కి రెండు చేతులు కనిపించాయి. వెనక భాస్కర్ పిడికిలి. ముందు నా అరచెయ్యి. ముందున్న చెయ్యినే నమ్మాడు.

ముందు ఎడమ చక్రం దుంగ మీంచి జారింది. జీపు ముక్కు నెమ్మదిగా ఏట్లోకి వంగి, హెడ్‌లైటు దుంగకి కొట్టుకుని ఆగింది. నేను వెనక్కి దూకాను. చెప్పు బురదలోనే ఉండిపోయింది. కామేశ్ తలుపులోంచి పైకి పాకి బయటపడ్డాడు. దెబ్బలేమీ తగల్లేదు.

"ఎవరు భయ్యా రమ్మంది?"

"నా చెయ్యి. ఎండకి అడ్డం పెట్టుకున్నా" అన్నాను.

"ఎండకా!" అని అతను తల పట్టుకున్నాడు. "అరె యార్, పోటు వస్తోంది. ఇంకో గంటలో ఇంజిన్ మీదకి పానీ ఎక్కేస్తాది."

ఏటి పక్కన మొసళ్ళున్నాయని బోర్డు ఉంది. మేమిద్దరం ఆ బోర్డు చూస్తున్నాం. ఈలోగా భాస్కర్ తాడు తీసుకుని నీళ్ళలో దిగిపోయాడు. బంపరు కింద కొక్కెం వెతకడానికి వంగాడు. మెళ్ళో కెమెరా ఉన్న సంగతి మర్చిపోయాడు. నడుంలోతు నీళ్ళలో అది మునగడం నేను చూశాను. అరవాలని నోరు తెరిచాను. ఎందుకో ముందు మొసలి కోసం చూశాను, తర్వాత అరిచాను. అప్పటికే అయిపోయింది.

కామేశ్ పరుగెత్తుకెళ్ళి ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గరి ఇళ్ళలోంచి మనుషుల్ని తీసుకొచ్చాడు. తొమ్మిదిమంది వచ్చారు, అందరూ సముద్రం మీద బతికే మనవాళ్ళే. వాళ్ళలో పెద్దాయన ముందు జీపుని చూసి, తర్వాత నన్ను చూశాడు.

"ఇద్దరు సేతులు సూపిత్తే బండి ఎలాగెల్తాది? మా బోటు మీద సెప్పేది ఒక్కడే. రెండోవోడు నోరు తెరిస్తే నీల్లలో తోసెత్తాం."

"ఈయన్ని తోసేయండి, నేను పట్టుకుంటాను" అని నీళ్ళలోంచి భాస్కర్ అన్నాడు. తొమ్మిదిమందీ నవ్వారు.

వల లాగినట్టే, ఒకడు కేకేస్తే మిగతావాళ్ళు అందుకుంటూ లాగారు. నేనూ తాడు పట్టుకున్నాను. జీపు వెనక్కి వచ్చింది. ఖర్చుకి ఏదైనా తీసుకోమన్నాను. పెద్దాయన చెయ్యి ఊపేశాడు.

"డబ్బులేటికి? మా అందరికీ ఒక పొటో తీసి, కాయితం మీద ఏసి పంపు. మనిసికొకటి. ఫోన్లోది కాదు, గోడకి కొట్టుకునేది. ఆ ఏట్లో దిగినోడు మజ్జెలో ఉండాల."

పని చేస్తున్న కెమెరా నాదొక్కటే. పెద్దాయన చెప్పిన వరసలోనే నిలబెట్టాను. మధ్యలో బురదతో తడిసిన భాస్కర్, చుట్టూ ఆ తొమ్మిదిమంది, ఒక చివర కామేశ్. వెలుగు పక్కనుంచి పడుతోంది. భాస్కర్ ఏదో అన్నాడు, అందరూ వాడివైపు తిరిగి ఒక్కసారిగా నవ్వారు. నొక్కాను. అంత మంచి ఫోటో నేను అంతకు ముందు తీయలేదు. అందులో ఒక్కరు కూడా నా వైపు చూడటం లేదు.

ఇద్దరికీ ఒకటే

తిరుగుదారిలో భాస్కర్ నన్ను ఒక్క మాట అనలేదు. కెమెరా వంచి నీళ్ళు కారుస్తూ, "చేపలు కూడా ఉన్నాయేమో చూడరా" అన్నాడు. తిట్టినా బాగుండేది.

వాడి మెమొరీ కార్డు ఒక్కటి బతికింది. పద్మ దాన్ని బియ్యం డబ్బాలో ఒక రోజు ఉంచింది. ఇంకా నాలుగు రోజులున్నాయి. నా కెమెరా, నా రెండు లెన్సులు, కార్డులు మాత్రం చెరొకటి అని ఒప్పందం చేసుకున్నాం. ఒక పూట నాది, ఒక పూట వాడిది. నిజం చెప్పాలంటే నాకు లోపల ధైర్యంగానే ఉంది. ఇప్పుడు సామానంతా నాదే కదా, తేడా ఏమైనా ఉంటే ఇప్పుడు తేలిపోతుంది.

తేలింది. చివరి రోజు సాయంత్రం కామేశ్ టీవీకి తగిలించి రెండు కార్డుల్లోవీ కలిపి చూపించాను. ఏది ఎవరిదో పద్మకి తెలీదు. వేరుశనక్కాయలు ఒలుస్తూ చూస్తోంది. నచ్చిన చోట "రుకో, రుకో" అంటుంది. పద్నాలుగుసార్లు ఆపింది. పదమూడు భాస్కర్‌వి. మిగిలినది ఏటి పక్కన నేను తీసిన గుంపు ఫోటో.

"పద్మా, దీని దగ్గర ఎందుకు ఆపలేదమ్మా?" అని నా ఫోటో ఒకటి మళ్ళీ పెట్టాను. నాలుగు చక్రాలూ స్పష్టంగా, బురద చుక్కలు లెక్కపెట్టుకునేలా ఉన్నాయి.

ఆమె మొహమాటపడింది. "అచ్ఛా ఉంది అన్నయ్యగారూ. కానీ ఇందులో బండి ఉంది, బస్. వాటిలో ఈయన భయపడుతున్నాడు చూడండి" అని మొగుణ్ణి చూపించింది. కామేశ్ ఒప్పుకోలేదు. "నేనెప్పుడు భయపడ్డాను?" అన్నాడు. భాస్కర్ తీసినదొకటి మళ్ళీ పెట్టాను. టీవీలో అతని పళ్ళు బిగుసుకుని ఉన్నాయి, వెనక అద్దంలో ఆకాశం వంకరగా ఉంది.

జీపు లోపల, నా వెడల్పు లెన్సుతో తీసింది అది. నేను ఆ లెన్సు కొన్నది సరిగ్గా దీనికోసమే. ఉన్న నాలుగు రోజుల్లో ఒక్కసారి కూడా నేను దాంతో జీపులో కూర్చోలేదు. వాడిలా తీయాలని బయటే తిరిగాను.

ఈ దారులు పట్టే మిత్రులకి నేను చెప్పగలిగింది ఇంతే. ఎన్ని మిల్లీమీటర్లు అని అడగొద్దు. బండికి ఎక్కడ నిలబడతారో, లోపలా బయటా, దగ్గరా దూరమా, అది ముందు తేల్చుకోండి. లెన్సు దాన్నిబట్టి వస్తుంది. డ్రైవర్‌కి ఎదురుగా ఉంటే కెమెరా తప్ప ఇంకేదీ ఎత్తొద్దు. దగ్గరికెళ్ళి నవ్వించే గుణం ఏ షాపులో దొరుకుతుందో నాకు తెలీదు. తెలిస్తే ఎంతైనా పెట్టేవాణ్ణి.

గాజువాక

నాయుడుగారి షెడ్డులో బల్ల మీద పది ఫోటోలు పరిచాం. గుంపు ఫోటో నా ఐదింట్లో ఒకటి. ఆయన అన్నీ చూసి, దాన్నొక్కదాన్ని చేతిలోకి తీసుకుని వెలుగులో పెట్టారు.

"ఇది ఎవరు తీశారు?"

"నేనేనండీ."

"అన్నింట్లోకీ ఇదే బాగుందయ్యా సత్యం."

నాకు లడఖ్ కొండలు కనిపించాయి.

ఆయన ఇంకా ఫోటోనే చూస్తున్నారు. "మూడు వారాలు ఒకే బండిలో ఉండాలి. చలి, ఊపిరాడదు, మనిషికి మనిషి విసుగు. ఇది చూస్తుంటే ఈ మనిషి పక్కనుంటే ఫరవాలేదనిపిస్తోంది" అని మధ్యలో ఉన్న భాస్కర్ మీద వేలు పెట్టారు. "నువ్వు ఏమీ అనుకోకు."

అనుకున్నాను. ఇంకా అనుకుంటూనే ఉన్నాను. ఆ సీటు భాస్కర్‌కి ఇప్పించింది నేను తీసిన ఫోటో.

బయటికొచ్చాక వాడు నా భుజం మీద చెయ్యి వేశాడు. "ఒరే, నా దగ్గర కెమెరా లేదు కదరా..."

ఇచ్చాను. వెడల్పు లెన్సు కూడా ఇచ్చాను, జీపులోపల పనికొస్తుందని. ఇప్పుడు రోజూ ఫోన్‌కి ఫోటోలు వస్తున్నాయి. మంచు, బండి, నాయుడుగారి భయపడ్డ మొహం. వేళ్ళతో పెద్దవి చేసి చూస్తాను. ఎక్కడా తప్పు దొరకడం లేదు.

వండూర్ వాళ్ళకీ కామేశ్‌కీ కలిపి గుంపు ఫోటో పది కాపీలు, గోడకి కొట్టుకునే సైజులో, మంచి కాగితం మీద వేయించాను. కవర్లూ కొన్నాను. కామేశ్ కాపీ పంపేశాను. మిగతావి బీరువాలో ఉన్నాయి. ఒక్కొక్కటీ తీసి కవర్లో పెట్టబోతాను. మధ్యలో తడి బట్టలతో వాడు, చుట్టూ వాడినే చూస్తున్న మొహాలు. ఆ చుట్టూ ఉన్నవాళ్ళతో పాటు నేనూ తాడు లాగాను. నేనెక్కడా లేను. కవరు అలాగే పక్కన పెట్టేస్తాను.

కామేశ్ నిన్న కూడా ఫోన్ చేశాడు. "భయ్యా, పెద్దాయన అడుగుతున్నాడు. గోడకి మేకు కూడా కొట్టేశాడంట."

ఈ వారం పంపుతానని చెప్పాను. ఇంకా పంపాల్సినవి తొమ్మిది.